తోటికోడలికి ఇంగ్లిష్‌లో ఏమంటారు

చిన్నకోడలి ఫొటో ఇంగ్లిష్ పత్రికలో పడిన రోజున పెద్దకోడలు చేసిన మొదటి పని, ఆ ఫొటోలో తన చెయ్యి ఉందేమోనని వెతకడం.

ఉండాలి మరి. ఫొటో తీసినప్పుడు కిటికీ తెర పక్కకి లాగి పట్టుకున్నది తనే. కెమెరా మనిషి "ఇంకొంచెం, ఇంకొంచెం వెలుతురు" అని సైగలు చేస్తుంటే, పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వస్తున్నా కదలకుండా నిలబడింది. చిన్నకోడలేమో కిటికీలోంచి దూరంగా ఎటో చూస్తూ కూర్చుంది. అలా ఎటో చూడమన్నది కూడా కెమెరా మనిషే. అటు ఉన్నది ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు. పత్రికలో మాత్రం ఫొటో కింద, "పోగొట్టుకున్న తీరాన్ని తలుచుకుంటూ" అని వేశారు. తెర ఉంది, వెలుతురు ఉంది, లేని తీరం కూడా ఉంది. చెయ్యి ఒక్కటే కత్తిరించేశారు.

"బాగా పడ్డావే," అంది పెద్దకోడలు పత్రిక తిరిగి ఇచ్చేస్తూ. "కాస్త నవ్వి ఉంటే ఇంకా బావుండేది."

"నవ్వొద్దన్నారక్కా. ఊరు మునిగినవాళ్ళు నవ్వితే చదివేవాళ్ళు నమ్మరట."

"అవునులే. నేనైతే ఆపుకోలేకపోయేదాన్ని. నన్ను కూర్చోబెట్టకపోవడమే మంచిదైంది."

అని వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగింది. కడిగేసిన గిన్నెలే మళ్ళీ తీసి కడిగింది.

అసూయ ఆమెకి కొత్తేం కాదు. తోటికోడలి జుట్టు చూసి కొంత, తోటికోడలికి అడక్కుండానే మొగుడు టీ పెట్టి ఇవ్వడం చూసి కొంత, నిద్ర లేవగానే ఇస్త్రీ చేసినట్టుండే ఆ మొహం చూసి కొంత, ఇలా చిల్లర అసూయలు ఎప్పుడూ ఉండేవే. వాటిని ఆమె ఇంటి పిల్లుల్లా చూసుకునేది. కాళ్ళకి అడ్డం పడితే పక్కకి నెట్టేది, తోచనప్పుడు ఒళ్ళో పెట్టుకుని దువ్వేది. ఎవరినీ కరిచింది లేదు. ఇప్పుడు ఇంట్లోకి దూరింది మాత్రం పిల్లిలా లేదు.

ఎందుకంటే ఆ కథ ఆమెది. జరగడం అందరికీ జరిగింది గానీ చెప్పేది ఆమె. ఈ ఊరొచ్చిన కొత్తలో కరెంటు పోయినప్పుడల్లా మేడమెట్ల మీద చేరే ఆడవాళ్ళు "అక్కణ్ణించి ఎందుకొచ్చేశారమ్మా" అని అడిగితే, నోరు విప్పింది ఆమే. చెప్పగా చెప్పగా కథ అరిగిపోవడం పోయి నునుపు తేలింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ అత్తగారిలా ముక్కుతో మాట్లాడాలో అన్నీ కుదిరిపోయాయి.

"సముద్రమంటే అలలెత్తుకుంటూ వచ్చేస్తుందనుకుంటారు మీరంతా. మా ఇంటికి స్నానాలగది తూములోంచి వచ్చింది," అని మొదలుపెట్టేది. "వెళ్ళాల్సిన నీళ్ళు వెనక్కి తన్నాయి. మొదట కాస్త చెమ్మ. తర్వాత నురుగు. ఓ పొద్దున పీత."

పీత దగ్గర ఆగేది. మెట్ల మీద ఎవరో ఒకరు కాళ్ళు పైకి లాక్కునేవారు.

ఆ తర్వాత బావులన్నీ ఉప్పెక్కడం, మెరక వీధిలో ఒక్క మోటారుకి మాత్రం మంచినీళ్ళు పడటం, ఆ మోటారు వంతుల దగ్గర మెరక వీధికీ పల్లపు వీధికీ మాటా మాటా పెరగడం, ముందు బిందెలు, తర్వాత రాళ్ళు, ఆ తర్వాత ఒకళ్ళ కొంపలకి ఒకళ్ళు నిప్పు పెట్టుకోవడం వచ్చేవి. చివరికి పెద్ద వాన, గట్టు తెగడం, భోజనాల వేళకి నిండుగా ఉన్న ఊరు పొద్దు వాలేసరికి ఖాళీ అవడం. అన్నదమ్ములిద్దరూ అప్పటికే పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చేశారు. అక్కడ మిగిలింది అత్తగారూ కోడళ్ళిద్దరూ. తీరా లారీ ఎక్కాక చూసుకుంటే అత్తగారు లేదు. ఇంట్లోనే అటకెక్కి కూర్చుంది. రానంది. తనని ఎవరూ మర్యాదగా పిలవలేదట.

"అప్పుడు నేను వెనక్కి వెళ్ళాను," అనేది పెద్దకోడలు గొంతు తగ్గించి. "మోకాళ్ళ దాకా నీళ్ళు. ఓ కాలికి చెప్పుంది, ఓ కాలికి లేదు. మెరక వీధివాళ్ళు మిద్దెల మీంచి రాళ్ళు. అటక కింద నిలబడి, 'దయచెయ్యండి అత్తయ్యగారూ' అన్నాను. 'ఈ మాట ఇందాకే అనుంటే సరిపోయేదిగా' అని దిగింది మహాతల్లి. వీపున వేసుకుని లారీ దాకా మోశాను. మీరూ చూశారుగా మా అత్తగారిని. మొయ్యదగ్గ మనిషేనా?"

మెట్లంతా నవ్వులు. పై మెట్టు మీద గోడకి చేరబడి చిన్నకోడలు కూడా కూర్చునేది. ఇంగ్లిష్ మీడియం బళ్ళో టీచరు కాబట్టి ఎప్పుడూ ఒళ్ళో పిల్లల పరీక్ష పేపర్లుండేవి. పేపర్లు దిద్దుకుంటోందనే పెద్దకోడలు అనుకుంది. వింటోందనుకోలేదు.

వాతావరణ మార్పు, గొడవలు, వలస అన్న విషయం మీద ఆ ఇంగ్లిష్ పత్రిక ఒక ప్రత్యేక సంచిక వేసింది. అందులో చిన్నకోడలి వ్యాసం. ఇల్లూ బడీ తప్ప ఎరగని మనిషి ఒక్క వ్యాసంతో దేశాలు తిరిగినట్టయింది. రేడియోవాళ్ళు ఫోన్ చేసి మాట్లాడించారు. ఏదో కాలేజీలో పిల్లలచేత చదివించారట, వచ్చి ప్రసంగించమని పిలిచారు. రాసుకోవడానికి చిన్నకోడలికి ఒక టేబుల్ కావాల్సి వచ్చింది. కుట్టు మిషను వరండాలోకి వెళ్ళింది. అది పెద్దకోడలి మిషను.

"మన ఇంటికి పేరొచ్చిందోయ్," అన్నాడు పెద్దకోడలి మొగుడు. బస్సు డిపోలో మెకానిక్కు. చేతులకి గ్రీజు వదలదు గానీ నోటికి మాత్రం ఏ మాటా అంటుకోదు.

"వచ్చింది, వచ్చింది. వరండాలో పెట్టాను, తడవకుండా చూడండి."

ఆ వ్యాసం చివర్లో ఒక వాక్యముంది. లారీ దిగాక అత్తగారిని రోడ్డు పక్కన కూర్చోబెడితే "ఆమె కళ్ళు మూసుకుంది" అని చిన్నకోడలు ముగించింది. అబద్ధం కాదు. మూసుకుంది. గురక కూడా పెట్టింది. కానీ ఇంగ్లిష్ పాఠకులకి గురక వినపడలేదు. ముసలావిడ పోయిందనుకున్నారు. ఎక్కడెక్కడివాళ్ళో సంతాపం తెలుపుతూ రాశారు. అత్తగారు హాల్లో పడక్కుర్చీలో కాళ్ళు బారజాపుకుని, ఆ సంతాపాలన్నీ చిన్నకోడలిచేత తెలుగులో చెప్పించుకుని వింది.

"'ఆ తల్లి సముద్రమంత ఓర్పు గలది' అని రాశారా? ఏదీ, మళ్ళీ చెప్పు."

"సముద్రమంత ఓర్పు అన్నారత్తయ్యా."

"చూశావుటే పెద్దదానా? నిజంగా పోయాక మీరు ఇందులో సగమన్నా అంటారా? రానియ్, ఇంకా రానియ్. నేనున్నానని ఎవరికీ చెప్పకండి."

చచ్చిపోని అత్తగారికి కూడా ఉత్తరాలొస్తున్నాయి. మోసినదానికి ఒక్కటీ రాలేదు. అంతా చదివిన వాళ్ళకి తన సంగతి తెలియకుండా ఎలా ఉంటుందన్నది పెద్దకోడలికి అర్థం కాలేదు. వ్యాసం చదివితే అర్థమయ్యేదే. కానీ చదవలేదు. ఇంగ్లిష్ రాక కాదు, కాస్త నిదానంగా వచ్చు. చదివితే మెచ్చుకోవాలి, మెచ్చుకుంటే నోరు నొప్పెడుతుంది. అందుకని ఎవరడిగినా "తీరికేదమ్మా" అనేది.

అలాంటి సమయంలో చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, తలుపు గొళ్ళెం అటూ ఇటూ ఆడిస్తూ, "అక్కా, తెలుగు పత్రికవాళ్ళు అడిగారు," అంది. "ఆ వ్యాసం తెలుగులో వేస్తారట. నన్నే చేసి పంపమన్నారు. నా తెలుగు సంగతి నీకు తెలుసుగా. నువ్వు చేస్తావా?"

పెద్దకోడలు కాలేజీలో తెలుగు సాహిత్యం చదువుకుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ గుర్తుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. సంతోషం గొంతుదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, "చేస్తాలే. మీ అంత ఇంగ్లిష్ మాకెక్కడిది? డిక్షనరీ పట్టుకుని తంటాలు పడాలి," అంది.

"డిక్షనరీ నా టేబుల్ మీదుంది."

"నీ టేబులా? ఓహో, మిషనున్న చోట పెట్టారు, ఆ టేబులా?"

మర్నాడు అందరూ పన్లలోకి వెళ్ళాక, అత్తగారు కునుకు తీస్తుంటే, పెద్దకోడలు ఆ టేబుల్ దగ్గరే కూర్చుంది. కుర్చీ కాస్త ఎత్తు తక్కువ. తన మిషను స్టూలు తెచ్చుకుని వేసుకుంది.

మొదటి పేజీలోనే నవ్వొచ్చింది. మెరక వీధికీ పల్లపు వీధికీ మధ్య ఉన్నది "అనాది వైరం" అని రాసి ఉంది. అనాది అంటే ఆ వేసవి. అంతకు ముందు ఏడాది దాకా పెళ్ళిళ్ళకి ఒక వీధి కుర్చీలు ఒక వీధికి ఎరువిచ్చుకున్న జనం. మోటారు వంతుల మాటే లేదు. మోటారు ఉంటే అది మామూలు నీళ్ళ తగాదా అయిపోతుంది, అనాది కాదు. "అలలు ఆకలిగొన్న మృగాల్లా" అని ఇంకోచోట. తూము లేదు. పీత లేదు. ఇంత మంచి పీతని ఎలా వదిలేసింది ఈ పిల్ల అని నిజంగానే నొచ్చుకుంది.

అయినా రాస్తున్నకొద్దీ ఒళ్ళు మండటం ఎక్కువైంది. ఎందుకంటే కొన్ని చోట్ల బావుంది. ఉప్పు పేరుకున్న గోడల మీద వేలితో రాస్తే అక్షరాలు నిలిచేవని రాసింది. నిజమే, నిలిచేవి. తను ఎన్నిసార్లు చెప్పినా ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు. ఆ వాక్యాన్ని తెలుగులో పెట్టడానికి మూడు రకాలుగా కొట్టేసి రాసింది. మూడూ బావున్నాయి. అది మరీ కడుపు మంట.

అప్పుడు తనకోసం వెతకడం మొదలుపెట్టింది.

లారీ డ్రైవరు ఉన్నాడు. అతనికి మీసం కూడా ఉంది. పల్లపు వీధి కుక్క ఉంది. దానికి ఒక పేరా మొత్తం ఇచ్చారు. గట్టు మీద కూర్చుని మునిగిపోతున్న ఊరిని చివరిసారి చూసిందట. ఊరంతా చూసిన కుక్కకి తోటికోడలు కనపడలేదు. అన్నదమ్ములు ఒక వాక్యంలో ఊరొదిలి వెళ్ళారు. అత్తగారు అటకెక్కింది. ఆ తర్వాత వాక్యం: "నేను వెనక్కి వెళ్ళాను."

పెద్దకోడలు ఆ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో చూసింది. డిక్షనరీ అక్కర్లేదు. అందులో ఉన్నది 'ఐ' అనే ఒక్క నిలువు గీత, దాని పక్కన వెళ్ళడం. ఆ గీత మోకాళ్ళ దాకా నీళ్ళల్లో నడిచింది. ఆ గీత మీద రాళ్ళు పడ్డాయి. ఆ గీత అత్తగారిని వీపున వేసుకుంది. "ఆమె ఒక పిట్టకన్నా బరువు లేదు," అంది ఆ గీత.

హాల్లో పిట్ట గురక పెడుతోంది.

పెన్ను తీసి, "వెనక్కి వెళ్ళాను" అని రాసింది. రాసి చూసుకుంది. తన చేతిరాతలో, తన ఒత్తులతో, అది అచ్చమైన నిజంలా ఉంది. పైన రచయిత్రి పేరు చూస్తేనే అబద్ధమవుతోంది.

చిన్నకోడలు బడి నుంచి వచ్చి సంచీ దించేలోపే అడిగేసింది.

"అటక దగ్గరికి వెళ్ళింది ఎవరే?"

చిన్నకోడలు సంచీ దించలేదు. "అక్కా, అది..."

"లారీలో కూర్చుని వెళ్ళావా? ఇంత పొడుగు చేతులున్నాయా నీకు?"

"నేను నిన్ను రాశానక్కా. మొదట రాసినదాంట్లో అంతా నువ్వే ఉన్నావు. కో-సిస్టర్ అని రాశాను."

"మరి?"

"ఆ ఎడిటరమ్మకి ఆ మాట తెలీదు. వాళ్ళ ఇంగ్లిష్‌లో లేదట. మీరిద్దరూ ఏ మఠంలో సన్యాసినులు అని అడిగింది."

పెద్దకోడలికి నవ్వు రాబోయింది. రానివ్వలేదు.

"కాదు, మా ఆయన అన్నగారి భార్య అని రాశాను. వచ్చినచోటల్లా అలా రాస్తే వాక్యానికి వాక్యం అదే సరిపోతోంది. పోనీ సిస్టర్-ఇన్-లా అన్నాను. ఆడబడుచా, చెల్లెలా, ఎవరు అంది. బొమ్మ గీసి పంపాను. ఇంతమంది చుట్టాలుంటే మా పాఠకులు తప్పిపోతారు, ఒక కథకి ఒక ఆడమనిషి చాలు, వెళ్ళింది మీరే అని పెట్టేద్దాం అంది."

"నువ్వేమన్నావు?"

చిన్నకోడలు ఇప్పుడు సంచీ దించింది. "సరేనన్నాను."

ఇంతసేపూ పెద్దకోడలి కోపానికి ఒక ఎడిటరమ్మ దొరికినట్టే దొరికి జారిపోయింది. ఎక్కడో ఉన్న ఆవిడ మీద ఎంత మండినా ఏం లాభం? ఎదురుగా ఉన్న మనిషి మీద మండితే ఓ దారి.

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే ఊరుకుంటావా?"

"ఊరుకోను."

"అందుకే."

"సరే, తెలుగు నా చేతిలో ఉందిగా. తెలుగులో తోటికోడలికి మాటుంది. మార్చేస్తాను."

చిన్నకోడలి మొహం ఇస్త్రీ చెడింది. "వద్దక్కా. వచ్చే నెల ఆ కాలేజీలో మాట్లాడాలి. వాళ్ళలో తెలుగు చదివేవాళ్ళున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను దొంగనయిపోతాను. మళ్ళీ ఒక్క అక్షరం ఎవరూ వేసుకోరు."

"మార్చకపోతే నేనేమవుతాను?"

చిన్నకోడలు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు అన్నమాట ప్రకారం మార్చింది. "మా తోటికోడలు వెనక్కి వెళ్ళింది. మా తోటికోడలు అత్తగారిని మోసుకొచ్చింది." ఎంత హాయిగా ఉందో రాస్తుంటే! కాసేపు ఆ హాయిలోనే స్టూలు మీద అటూ ఇటూ ఊగింది. ఇది అచ్చయితే మెట్ల మీద అందరూ చదువుతారు. మరి ఈ మనిషి వీరగాథ రాసుకుంటూ లారీలో ఏం చేస్తోందమ్మా అని ముక్కున వేలేసుకుంటారు. కాలేజీ ప్రసంగం పోతుంది. టేబుల్ ఖాళీ అవుతుంది. మిషను లోపలికొస్తుంది.

మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. అప్పుడు ఎక్కడో ముల్లు తగిలింది.

జాలి కాదు. జాలి అయితే ఆమె దాన్ని గుర్తుపట్టి పక్కన పెట్టేసేది. ఇబ్బంది ఏమిటంటే, ఆ వాక్యంలో వెళ్ళడం తనదైంది గానీ చెప్పడం ఇంకా చిన్నకోడలిదే. "మా తోటికోడలు వెళ్ళింది, మా తోటికోడలు మోసింది" అంటూ ఎవరో వేలు పెట్టి చూపిస్తుంటే తను బొమ్మలా నడుస్తోంది. కథలోకి కాళ్ళొచ్చాయి, నోరు రాలేదు. ఆ "నేను" ఉందే, అది కావాలి. అదే కావాలి. ఇన్నాళ్ళూ మెట్ల మీద తను పోగేసుకున్నది ఆ ఒక్క మాటేగా.

రాసినదంతా కొట్టేసింది. మూలంలో ఉన్నట్టే "నేను వెనక్కి వెళ్ళాను" అని మళ్ళీ రాసింది. పిట్టని కూడా ఉంచింది. అంతా ఉన్నదున్నట్టు, ఇంగ్లిష్‌తో పక్కన పెట్టి చూసినా వంక పెట్టలేనట్టు. ఆ పేరా చివర నక్షత్రం గుర్తులా ఒక చుక్క పెట్టింది. పేజీ అడుగున ఇంకో చుక్క పెట్టి, చిన్న అక్షరాలతో ఇలా రాసింది:

"ఈ పేరాలో 'నేను' అంటే రచయిత్రి కాదు, అనువాదకురాలు. మేమిద్దరం తోటికోడళ్ళం. ఇంగ్లిష్‌లో తోటికోడలికి మాట లేక ఇద్దరమూ ఒక్క 'నేను'లోనే సర్దుకోవలసి వచ్చింది. తెలుగు విశాలమైనది కనుక ఇక్కడ బయటికి వచ్చాను. ఆవిడ పిట్ట కాదు. కళ్ళు మూసుకున్నది కునుకు తీయడానికి. కులాసాగా ఉన్నారు."

కింద తన పేరు రాసుకుంది, ఇంటి పేరుతో సహా. చిన్నకోడలికి చూపించకుండా పంపేసింది. చూపిస్తే ఊరుకోదని తెలుసు. అందుకే.

పత్రిక వచ్చింది. చిన్నకోడలు చదివింది. ఆ పూట అన్నం సగం తిని లేచింది. అత్తగారు మాత్రం, "కులాసాగా ఉన్నారని ఎవరు రాయమన్నారే నిన్ను? ఇప్పుడిప్పుడే నాలుగు మంచి మాటలు వస్తుంటే," అని విసుక్కుంది.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. తెలుగు పత్రిక సంపాదకుడు చేసి, "ఆ చుక్క రాసినావిడ ఉన్నారా?" అని అడిగాడు. ఎవరో పాఠకురాలు చేసి, తను కూడా ఓ తోటికోడల్నేనని, తన సంగతులు చాలా ఉన్నాయని, చెబితే చుక్కల కింద వేస్తారా అని అడిగింది. కాలేజీవాళ్ళు చేశారు. చిన్నకోడలు భయపడినట్టు దొంగ అనలేదు. ఇంగ్లిష్‌లో కథలు ఎలా ఇరుకవుతున్నాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదన్నారు. ఇద్దరూ రావాలన్నారు. వీలైతే ముందు చుక్కావిడ మాట్లాడితే బావుంటుందన్నారు.

పెద్దకోడలు ఆ కబురు వంటింట్లో చెప్పింది. చెబుతూ చిన్నకోడలి మొహం చూసింది. పెదవులు నవ్వుతున్నాయి. కళ్ళు మాత్రం గిన్నెల వైపు తిరిగాయి. కడిగేసి బోర్లించిన గిన్నె ఒకటి తీసి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. పెద్దకోడలికి ఆ కడగడం బాగా తెలుసు. ఒంట్లోకి చల్లటి గాలి వీచినట్టయింది.

"మంచిదేగా అక్కా," అంది చిన్నకోడలు గిన్నె లోపలికి చూస్తూ. "నేను రాసింది నాలుగు పేజీలు. నువ్వు రాసింది నాలుగు లైన్లు. అందరికీ నీ చుక్కే కావాలి."

"ఏం చేస్తాం? ఒక కథకి ఒక ఆడమనిషి చాలన్నారుగా మీ ఎడిటరమ్మ."

చిన్నకోడలు గిన్నె దించింది. "ఒకటడగనా? నువ్వు వెనక్కి వెళ్ళి వచ్చేదాకా లారీ ఎందుకాగింది?"

"ఎందుకేంటి? మేం రాలేదని ఆగింది."

"మీరు రాలేదని డ్రైవరు ఆగుతాడా? గట్టు తెగిందని అరుపులు. లారీలో ఉన్నవాళ్ళంతా పోనీయ్ పోనీయ్ అని ఒకటే గోల. వాడు స్టార్ట్ చేశాడు. నేను ముందుకెక్కి తాళంచెవి లాగేశాను."

"నువ్వా?"

"నేనే. దాచుకోవడానికి చోటు లేక నోట్లో పెట్టుకున్నాను."

"నోట్లోనా!"

"దగ్గరకొస్తే మింగేస్తానని సైగ చేశాను. వాడు జుట్టు పట్టుకుని గుంజాడు. పళ్ళు బిగబట్టాను. అసలే లారీ వాసనంటే నాకు వాంతి. నోట్లో ఇనుము. వాంతి ఆపుకుంటూ, తాళం ఆపుకుంటూ, నీ కోసం వెనక్కి చూస్తూ... నువ్వెక్కాక వాడి చేతిలో ఉమ్మాను."

పెద్దకోడలికి ఆ మధ్యాహ్నం కళ్ళముందుకొచ్చింది. అత్తగారిని లారీలోకి తోసి, రొప్పుతూ, "వచ్చేశామే" అంటే ఈ పిల్ల బదులన్నా చెప్పలేదు. మూతి బిగించుకుని తల తిప్పేసింది. "పొగరనుకున్నానే," అంది మెల్లిగా. "ఇన్నాళ్ళూ పొగరనే అనుకున్నా. ఎప్పుడూ చెప్పలేదేం?"

"మెట్ల మీద నువ్వెప్పుడన్నా సందిచ్చావా?"

"మరి ఇంగ్లిష్‌లో?"

"ఇంగ్లిష్‌లో నేను నీళ్ళలో నడుచుకుంటూ నీ బదులు వెళ్ళిపోయానుగా. ఒక్క 'నేను' అక్కడా ఇక్కడా ఎలా ఉంటుంది? నీది ఉంచుకోవడానికి నాది కొట్టేశాను." చిన్నకోడలు చేతులు తుడుచుకుంది. "నీదే బావుందనిపించింది. ఎప్పుడూ నీదే బావున్నట్టుంటుంది."

ఇంకెవరైనా అయితే ఇక్కడ కళ్ళు చెమ్మగిల్లేవి. పెద్దకోడలికి కూడా కాస్త చెమ్మగిల్లాయేమో గానీ, ఆ చెమ్మ కిందినుంచి భగ్గున లేచింది ఇంకొకటి. తాళంచెవి! నోట్లో! జుట్టు పట్టుకుని గుంజినా విప్పని నోరు! అత్తగారు ఎంత బరువైతేనేం, ఈ ఇంత ముక్క ముందు తేలిపోతోంది. మెట్ల మీద చెబితే ఎక్కడ ఆగాలో అప్పుడే తెలిసిపోతోంది. "నోట్లో" దగ్గర. కచ్చితంగా అక్కడే.

"ఇంత మంచి ముక్క దగ్గర పెట్టుకుని కుక్కకి పేరా రాస్తావుటే?" అంది. "ఇది నేను చెప్తాను."

"చెప్పుకో," అంది చిన్నకోడలు. "'నేను' అని మాత్రం చెప్పకు."

"చూద్దాం," అంది పెద్దకోడలు. అప్పటికే ఆమె నాలుక మీద ఇనుము రుచి తగులుతోంది.